నూనె లేని తల

మొన్న చెల్పూరు కరెంటు ప్లాంటు క్వార్టర్లో మనవరాలు తల దువ్వుకుంటూ ఫిజిక్సు పాఠం పైకి చదువుతోంది. రెండు ఎలక్ట్రాన్ల మధ్య విద్యుత్ బలం వాటి గురుత్వ బలం కంటే నాలుగు పక్కన నలభై రెండు సున్నాలు పెట్టినన్ని రెట్లట. దువ్వెన చిటపటమనగానే నేను తొలి తెలంగాణ ఉద్యమం నాటి జనగామ బడిలో, మా పదో తరగతి గదిలో ఉన్నాను.

ఆంధ్ర ఉద్యోగులు వెళ్లిపోవాలని ఊరేగింపులు సాగుతున్న రోజులవి. మా సైన్సు సారుది గుంటూరు వైపు. రేపో మాపో ఆయన్ని కొడతారని ఊరంతా అనుకుంటున్నా ఆయన బడి మానలేదు. నాకు మాత్రం అన్నం సహించేది కాదు, ఎందుకంటే ఊరేగింపు ముందు నడిచేది మా అన్నే.

ఆ రోజు సారు బల్ల మీద కాగితం ముక్కలు పోసి, ఇంత భూమీ కలిసి కిందికి లాగుతున్న ముక్కను చిన్న దువ్వెన పైకి లేపుతుందని చెప్పి, మమ్మల్ని ఒక్కొక్కరినే దువ్వుకోమన్నారు. ఒక్క ముక్కా కదల్లేదు. అమ్మలు జిడ్డు కారేలా నూనె పెట్టి పంపిన తలలాయె! మేం నవ్వుతుండగానే నినాదాలు గేటు దాటి లోపలికి వచ్చేశాయి.

తలుపు దగ్గర అన్న, వెనక కట్టెలు పట్టుకున్న పోరగాళ్లు.

“పాఠం చాలు సార్, ఇగ నడువుండ్రి.”

సారు దువ్వెన కింద పెట్టలేదు. అన్న చింపిరి జుట్టు కేసి చూసి, “తలకు నూనె రాసి ఎన్నాళ్లయింది బాబూ?” అని అడిగారు.

“దీక్షల కూసున్నప్పటిసంది పెట్టలే,” అన్నాడు అన్న తడబడి.

సారు దువ్వెన చాచారు. ఎందుకో గాని అన్న తీసుకుని, నాలుగుసార్లు దువ్వి ముక్కల మీద పెట్టాడు. అవి ఎగిరి అంటుకున్నాయి. కాసేపటికి కొన్ని వాటంతట అవే విసిరినట్టు దూరంగా పడ్డాయి.

“గివెందుకు పోయినయ్ సార్?” అన్నాడు అన్న, కట్టెల సంగతే మరిచి.

గురుత్వానికి లాగడం ఒక్కటే తెలుసనీ, ఈ విద్యుత్తుకు నెట్టడం కూడా తెలుసనీ, ఆ సంగతి రేపు చెబుతాననీ అన్నారు సారు.

ఆ సాయంత్రమే అన్న ఆయన్ని గుంటూరు వైపు వెళ్లే రైలెక్కించి, ఎవరూ చేయి వేయకుండా మహబూబాబాద్ దాకా పక్కనే కూర్చుని సాగనంపి వచ్చాడు. సారు మళ్లీ రాలేదు.

కోరుకున్న రాష్ట్రం వచ్చింది, అన్న కళ్లారా చూశాడు, నేనూ సంబరపడ్డాను. ఆ ప్రశ్న మాత్రం అన్న మరెవరినీ అడగలేదు. దువ్వెనను తాకిన ముక్క దాని ఆవేశాన్నే తానూ తీసుకుంటుందనీ, ఒకే ఆవేశం ఉన్నవి నెట్టుకుంటాయి గనకే దూరంగా పోతుందనీ మనవరాలు మొన్న ఒక్క మాటలో చెప్పేసింది. అన్న ఉంటే అప్పుడే ఫోను చేసి చెప్పేదాన్ని.