నైట్ షిఫ్టు ఇళ్ళ ధ్యానం

ఇరవై మూడేళ్ళ వయసులో ఎవరికైనా లోకాన్ని ఉద్ధరించాలని ఉంటుంది. ఆ రోజుల్లో నాకు అంత పెద్ద కోరికేమీ లేదు. మా భిలాయి స్టీల్ ప్లాంటు సెక్టారులోని ఆడవాళ్ళని ఉద్ధరిస్తే చాలనుకునేదాన్ని. బొమ్మలు వేయడంలో డిప్లొమా చేసి, ఉద్యోగం దొరక్క, ఇంట్లో కూర్చుని అమ్మ చేసిన ఉప్మాకి వంకలు పెడుతున్న కాలమది. సరిగ్గా అప్పుడే రాయపూర్ నుంచి ఒక దీదీ వచ్చి మా కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్ళ కోసం ధ్యాన కేంద్రం తెరిచింది. ఉత్త ధ్యానం కాదు. హాలంతా ధూపం వేసి, రంగురాళ్ళు పేర్చి, బొమ్మల చీట్లు తీయించి, మనలో ఏ శక్తి నిద్రపోతోందో చెప్పి, కళ్ళు మూయించి, ఆ తర్వాత చేతికి కుంచె ఇచ్చేది. బొమ్మ వేసేది మనం కాదట, లోపలి శక్తి అట. (ఈ సంగతి డిప్లొమాలో మా మాస్టార్లు నాకు చెప్పకుండా దాచారు.) దీదీకి తెలుగు రాదు. మా ఆంధ్రా ఆడవాళ్ళకి బజార్లో బేరమాడే హిందీ బ్రహ్మాండంగా వచ్చుగానీ ఆత్మ గురించి మాట్లాడే హిందీ రాదు. అందుకని మధ్యలో ఒక మనిషి కావలసి వచ్చింది, ఆ మనిషిని నేను. కొన్నాళ్ళు చూసి, దీదీకి గురువైన పెద్ద దీదీ పూణే నుంచి వచ్చి సరేనంటే నా ఉద్యోగం ఖాయం. కాదంటే కేంద్రమే ఎత్తేస్తారు. అది నా మొదటి ఉద్యోగం, పోగొట్టుకోవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

మనుషుల్ని పోగేయడం నా పని. మా సెక్టారులో ఆడవాళ్ళని పేరుతో పిలవడం తక్కువ, వాళ్ళాయన ప్లాంటులో ఎక్కడ పనిచేస్తే అదే వాళ్ళ ఇంటిపేరు. అలా కోకోవెన్ పిన్ని వచ్చింది, రైల్‌మిల్ అత్తయ్య వచ్చింది, వాళ్ళ వెనక ఇంకో పదిమంది వచ్చారు. మా అమ్మ, అనగా ప్లేట్‌మిల్ వదిన, నా ఉద్యోగం నిలబెట్టడానికి వచ్చింది. ఆవిడకి శక్తి మీద నమ్మకమూ లేదు, అపనమ్మకమూ లేదు, మధ్యాహ్నం పూట ఫ్యాను కింద కూర్చోవచ్చు కదా అంది. నాన్న మాత్రం ఇదేమైనా చేతబడి లాంటి వ్యవహారమా అని రెండుసార్లు అడిగారు. రంగులు సుపేలా బజార్లో కొన్నవేనని చెప్పాక ఊరుకున్నారు.

మొదటి రోజే దీదీ ఆశ్చర్యపోయింది. కళ్ళు మూసుకోమంది, మూసుకున్నారు. కదలకుండా కూర్చోమంది, కూర్చున్నారు. గంట గడిచింది. ఒక్క దగ్గు లేదు, ఒక్క గాజు చప్పుడు లేదు. ఎవరో నీళ్ళ సీసా మూత తీశారు, ఆ తీయడం కూడా వినబడలేదు. పెద్ద పెద్ద ఊళ్ళలో ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళకి కూడా ఇంత నిశ్శబ్దం రాదని దీదీ నా చెవిలో చెప్పింది. పూర్వజన్మలో వీళ్ళంతా ఒకే మఠంలో ఉండేవారేమోనని కూడా అంది. నేను గర్వపడ్డాను. అసలు సంగతి నాకు తెలుసు, అయినా గర్వపడ్డాను. అసలు సంగతేమిటంటే, మా క్వార్టర్లలో ఎప్పుడూ ఎవరో ఒకరు రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుని ఉంటారు. కిటికీలకి దుప్పట్లు కట్టేస్తారు. ఆ ఇంట్లో ఆడది గిన్నె కింద పెడితే గిన్నెకి కూడా తెలియకూడదు. పిల్లలు దెబ్బలాడుకుంటే మూగగా దెబ్బలాడుకోవాలి. మా ఆడవాళ్ళు ముప్పై ఏళ్ళుగా ఈ సాధనలోనే ఉన్నారు, దానికి ధూపం వేసేవాళ్ళు లేకపోయారంతే.

చిక్కు రెండో వారంలో మొదలైంది. ధ్యానం తర్వాత మెట్టు నాదమట. ఏళ్ళ తరబడి లోపల అణిచిపెట్టుకున్న శబ్దాన్ని నోరారా బయటికి వదలాలి. అరవొచ్చు, పాడొచ్చు, ఏడవొచ్చు. అప్పుడే శక్తి కుంచెలోకి దిగుతుందట. పెద్ద దీదీ వచ్చి చూసేది దీన్నే. సరే, వదలండమ్మా అన్నాను. అందరూ నోళ్ళు తెరిచారు. గదిలో గాలి కదిలింది, అంతే. రైల్‌మిల్ అత్తయ్య ముఖం ఎర్రబడేలా అరిచింది గానీ ఆ అరుపు నాకే వినబడలేదు, నేను పక్కనే ఉన్నాను. బొమ్మలూ అంతే. ఇంత పెద్ద కాగితం ఇస్తే ఒక మూల బిస్కట్ పొట్లమంత జాగాలో వేసి, మిగతాది తర్వాత పనికొస్తుందని వదిలేసేవారు. ఇలా కాదని నేనే చేసి చూపించాను. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ చాచి, బలమంతా పెట్టి అరిచాను. హాలు దద్దరిల్లిపోయి ఉంటుందని కళ్ళు తెరిచేసరికి, సన్నాహం బాగుంది, ఇక అసలుది చేసి చూపించమంది దీదీ.

పెద్ద దీదీ వచ్చిన రోజున నేను తెల్లచీర కట్టుకున్నాను. (ఉద్యోగం పోయినా పవిత్రంగా పోవాలని.) ఆవిడ పెద్దావిడ, తెల్లటి జుట్టు, మెత్తటి మనిషి. మధ్యాహ్నం రెండున్నరకి గంట మోగించి, లోపలున్నది బయటికి రానివ్వండి అంది. రాలేదు. మళ్ళీ మోగించింది. కోకోవెన్ పిన్ని నాకేసి జాలిగా చూసింది. దీదీ ముఖం పాలిపోయింది. నేను మనసులో మళ్ళీ ఉప్మాకి వంకలు పెట్టుకునే రోజుల్లోకి వెళ్ళిపోయాను. అప్పుడు పెద్ద దీదీ, గొంతుకి ఏది అడ్డొస్తోందో అడగమంది. అడిగాను. చివరికి మా అమ్మ, అలవాటైన గుసగుసలోనే అంది.

"ఏటి చెప్పమంటావే? ఇంటి దగ్గర నైట్ డ్యూటీ మనిషి పడుకుని ఉంటారు కదా. గొంతెలాగ లెగుస్తాది?"

అందరూ తలలూపారు. నేను హిందీలో చెప్పాను. పెద్ద దీదీ చాలా మర్యాదగా, ఇప్పుడు ఎవరెవరి ఇళ్ళలో మగవాళ్ళు పడుకుని ఉన్నారని అడిగింది. కోకోవెన్ పిన్ని ఆలోచించి, తన భర్త ఈ వేళప్పుడు పార్కులో పేకాడుతుంటారని చెప్పింది. రైల్‌మిల్ అత్తయ్య వాళ్ళాయన రిటైరై, మనవడి స్కూలు బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నారట. అలా ఒక్కొక్కరూ చెప్పుకుంటూ వచ్చారు. పడుకున్నవాడు ఒక్కడూ తేలలేదు. మా అమ్మ వంతు వచ్చింది.

"మా ఆయన రిటైరయ్యి మూడేళ్ళయింది," అంది. తన మాట తనే విన్నట్టు ఒక్క క్షణం ఆగింది. "మరి ఇన్నాళ్ళూ ఎవరు పడుకున్నారని ఊరుకున్నామే?"

ముందు పిన్ని నవ్వింది. తర్వాత అమ్మ నవ్వింది. మా అమ్మ అలా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, మధ్యలో ఊపిరందక ఆగి, మళ్ళీ మొదలుపెట్టి నవ్వింది. హాలంతా అంటుకుంది. అత్తయ్య నవ్వుతూ నవ్వుతూ నిజంగానే ఏడ్చింది. పక్కగదిలో క్యారమ్స్ ఆడుతున్న రిటైరైనవాళ్ళు ఏం కొంప మునిగిందోనని పరిగెత్తుకొచ్చి, నవ్వేవాళ్ళలో తమ భార్యలు ఉండడం చూసి, వచ్చినదానికంటే వేగంగా వెనక్కి వెళ్ళిపోయారు. మా అమ్మ ఏమందని పెద్ద దీదీ నన్ను అడిగింది. నాకు నవ్వుతో హిందీ రాలేదు, తెలుగూ రాలేదు. ఆవిడ కాసేపు చూసి, చేతులు జోడించి, ఇదే నాదం అంది. ఆ రోజు కాగితాలు ఎవరికీ చాలలేదు. అమ్మ వేసిన ఎరుపు, కాగితం దాటి జంపఖానా మీదికి కూడా పోయింది. అది కడగడమే ఖాయమైన ఉద్యోగంలో నేను చేసిన మొదటి పని.

ఇంటికి వచ్చేసరికి నాన్న కునుకు తీస్తున్నారు. అమ్మ పొయ్యి మీద కుక్కరు పెట్టింది. మా ఇంట్లో పగటిపూట కుక్కరు కూత నేను ఎన్నడూ వినలేదు, కూత వచ్చే సమయానికి అమ్మ సరిగ్గా మంట తగ్గించేసేది. ఆ రోజు తగ్గించలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. కుక్కరు కూసింది. నాన్న కళ్ళజోడు వెతుక్కోకుండానే వంటింట్లోకి వచ్చి ఏటైందే అన్నారు.

"ఏటీ అవలేదండీ. పప్పు ఉడుకుతోంది. పడుకోండి," అంది అమ్మ. ఆ చెప్పడం పక్క క్వార్టరు దాకా వినిపించింది.

ఆ కేంద్రం ఏడాది నడిచి ఇంకో ఊరికి వెళ్ళిపోయింది. శక్తి నా కుంచెలోకి దిగిందో లేదో గానీ, ఇప్పుడు రాయపూర్‌లో ఒక బడిలో పిల్లలకి బొమ్మలు నేర్పుతున్నాను. మా ఆయనది బ్యాంకు ఉద్యోగం, రాత్రి డ్యూటీలు లేవు. అయినా సెలవు రోజు మధ్యాహ్నం బీరువా తలుపు మునివేళ్ళతో మూస్తూ నన్ను నేను పట్టుకుంటూ ఉంటాను. తెల్లచీర కట్టుకుని ఊళ్ళో ఆడవాళ్ళందరి గొంతులూ తెరిపిస్తానని బయల్దేరిన ఆ పిల్ల గుర్తొస్తుంది. పాపం, తనూ ఆ ఇళ్ళలోనే పెరిగిందని దానికి తట్టనేలేదు, ఎవరైనా చెప్పినా వినే రకమూ కాదు. మొన్న ఆదివారం రెండింటికి అమ్మకి ఫోన్ చేశాను. ఏదో చెప్పుకుపోతున్నాను. అమ్మ మధ్యలో ఆపింది.

"కాస్త గట్టిగా మాటాడవే. ఇక్కడ ఎవరూ పడుకోలేదు."