పిన్ని డబ్బులు తీసుకుంటేనే: కళింగపట్నం తీరాన ఓ విద్యార్థిని తొలి టూరు

నేను టూరు ప్యాకేజీల మనిషిని కాను. గంట కొడితే కూర్చుని, గంట కొడితే లేచే బతుకు నేను పాఠాలు చెప్పే కొత్తవలస బడిలో ఎలాగూ ఉంది, సెలవు రోజున కూడా అదెందుకని నా వాదన. ఈసారి వెళ్ళడానికి కారణం నా స్నేహితురాలు. ఆమె శ్రీకాకుళం జిల్లాలో ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతుంది. వ్యాపారం పెట్టాలనుకునే విద్యార్థులకు ఆర్నెల్లపాటు ఒక గది, సలహా చెప్పే అధ్యాపకులు, కాస్త పెట్టుబడి ఇచ్చే పథకం అక్కడ ఉంది. నూకరత్నం అనే ఎంబీఏ అమ్మాయి, తన పిన్ని ఉండే మత్స్యకారుల ఊరికి ఒకరోజు టూరు నడుపుతానని అందులో దరఖాస్తు పెట్టుకుంది. "తొలి ట్రిప్పుకి ముక్కూ మొహం తెలియనివాళ్ళే రావాలట, నువ్వు వెళ్ళవే" అంది స్నేహితురాలు. మనిషికి తొమ్మిది వందలు, బండీ భోజనమూ అందులోనే. చేపల పులుసు అనేసరికి నా వాదన ఎటు పోయిందో నాకే తెలియదు.

ఆదివారం పొద్దున్నే పలాస వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు యాభై రూపాయల లోపే. చీపురుపల్లి దాకా నిలబడే ప్రయాణం, అక్కడ కిటికీ పక్క సీటు దొరికింది. ఎనిమిదిన్నర ప్రాంతంలో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగితే, రత్నం మా పేర్లు రాసిన అట్టముక్క పట్టుకుని ఎదురొచ్చింది. నాతోపాటు విజయనగరం నుంచి వచ్చిన ఒక కుటుంబం, నలుగురు. కళింగపట్నం ఎంతసేపని బండి నడిపే అప్పలరాజుని అడిగాను. "గంట, గంటంబావు పడతాదమ్మా. మజ్జిలో టిఫినుకి ఆపుతాను. ఆకలితో ఉన్నోళ్ళకి సముద్రం సూపించినా కనపడదు" అన్నాడు. పెసరట్టు ఉప్మా నలభై రూపాయలు. అతని మాటలో నిజం ఉంది.

బండిలో రత్నం నా పక్కనే కూర్చుంది. పిల్ల చేతిలోని డబ్బు పదేపదే లెక్కపెట్టుకుంటోంది. ఎందుకే అంత కంగారు అని అడిగితే చెప్పింది. "నాకు గది ఇవ్వాలో వద్దో రేపు ఆ పథకం సూసే మా మేడమ్ తేలుస్తారండి. ఈరోజు పనిచేసినోళ్ళందరికీ డబ్బు అందాలి. ఒక్కరు ఊరికే చేసినా అది సుట్టరికం అవుతాది గానీ వ్యాపారం కాదన్నారు." కాకపోతే ఏమవుతుందని అడిగాను. "విశాఖలో మందుల కంపెనీలో ఉద్యోగం ఉన్నాదండి. నాన్న మాటిచ్చేసాడు. ఈ గది దొరికితే ఆగుతానన్నాడు." పిన్నితో మాట్లాడావా అంటే, ఫోన్‌లో చెప్పానని, పిన్ని నవ్విందని, ఆ నవ్వుని ఒప్పుకోలు కిందే జమ కట్టానని చెప్పింది. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

ఊరు కళింగపట్నానికి కాస్త ఇవతల, ఇసుకకి ఆనుకుని ఉంటుంది. పిన్ని పేరు ఎర్రమ్మ. మా కాళ్ళకి నీళ్ళిచ్చి, అరుగు మీద చాప పరిచి కూర్చోబెట్టింది. రత్నం భోజనాల డబ్బు తీసి అందించగానే ఆవిడ మొహం మారిపోయింది. "ఏటే ఇది? ఇంటికొచ్చినోళ్ళకి అన్నమెట్టి డబ్బులట్టుకున్నానంటే రేపు ఊర్లో తలెత్తుకుంతానా?" అంది. రత్నం బతిమాలింది. పథకమంది, గదంది, నాన్న మాటంది. "నీ సదువు కోసం కావాలంటే రోజూ వండతాను. డబ్బు మాటెత్తకు" అని ఎర్రమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఒడ్డుకి నడిచింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంత మంచితనం కూడా మనిషిని ముంచుతుందా అనుకున్నాను. చుట్టాలు వెళ్ళేటప్పుడు చేతిలో పెట్టినట్టు పెట్టేద్దామన్నాను. రత్నం తల అడ్డంగా ఊపింది. "అది సదివింపుల కట్నం అవుతాదండి, ధర కాదు. మేడమ్‌కి అబద్ధం సెప్పలేను."

ఒడ్డున పడవలు అప్పుడే వచ్చాయి. ఎర్రమ్మ తన వాటా చేపలు గంపలో పోసుకుని, నరసన్నపేట నుంచి వచ్చిన వ్యాపారితో బేరానికి దిగింది. మాకు చాప పరిచిన మనిషి ఈవిడేనా అనిపించింది. "ఈ ధరకి తలకాయ కూడా రాదు, ఎల్లు మావా" అని అతన్ని రెండుసార్లు తరిమి, మూడోసారి తన ధరకే తెచ్చుకుంది. రత్నం కళ్ళార్పకుండా చూస్తోంది. హఠాత్తుగా మా వైపు తిరిగి, "మీరెల్లి కొనండి. పిన్ని దగ్గరే. గట్టిగా బేరమాడండి" అంది.

నేనే ముందు దిగాను. చందువ చేపలు ఎంతని అడిగితే ఎర్రమ్మ చుట్టరికమేదీ చూపించలేదు. నేను సగానికి అడిగాను. "ఏటమ్మా, సదువు సెప్పేదానివి, లెక్కలు రావేటి?" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. చివరికి చందువలు, ఒక వంజరం తీసుకున్నాం. కోసి శుభ్రం చేసినందుకు కూలి కూడా అడిగి మరీ తీసుకుంది, ఒడ్డున అందరూ తీసుకునేదే కదా. భోజనానికని పక్కన పెట్టిన డబ్బులోంచి రత్నం అంతా చెల్లించింది. ఎర్రమ్మ నోట్లు లెక్కపెట్టుకుని బొడ్లో దోపుకుంది. ఇంటికొచ్చి ఆ చేపలతోనే పులుసు పెట్టింది. పొయ్యి, అన్నం, చింతపండు మాత్రం ఆవిడవే. వాటికి ధర అడగడానికి రత్నానికీ మనసు రాలేదు, అదే మాట మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్తానంది.

ఆ పులుసు గురించి ఎక్కువ రాయను, మీకు ఊరికే నోరూరుతుంది. మూడింటికి బండెక్కుతుంటే ఎర్రమ్మ వచ్చి రత్నం భుజం పట్టుకుంది. "వచ్చే ఆదివారం ఎంతమందే? ముందే సెప్పు. పెద్ద సేపలు మీకుంచాలా, నరసన్నపేట మావకిచ్చేయాలా?" రత్నం కళ్ళు తుడుచుకుంది. "ఉంచు పిన్నీ" అని నేనే చెప్పేశాను.

మర్నాడు రాత్రి స్నేహితురాలు ఫోన్ చేసింది. రత్నానికి గది ఇచ్చారట. అన్నం ఊరికే పెట్టిందని రత్నం ముందే చెప్పేసినా, మేడమ్ అడిగింది ఒక్కటేనట, మీ పిన్ని మళ్ళీ అమ్ముతుందా అని. వచ్చే ఆదివారం ఎంతమందని తనే అడిగిందని రత్నం చెప్పిందట. ఆ మాట వినగానే నాకు నా సొంత పిల్ల పాసైనంత సంతోషం కలిగింది. వ్యాపారమంటే మొహమాటం వదిలేయడమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. దేనికి ధర అడగొచ్చో, దేనికి అడగకూడదో మనవాళ్ళకి ముందే తెలుసు. ఆ పిల్ల దాన్ని చెరపకుండా దారి వెతుక్కుంది, నాకు అది చాలా నచ్చింది. మీరు వెళ్తే ఒక్క సలహా: ఇంటికి కూడా చేపలు కొనుక్కునేలా చిల్లర ఎక్కువ పట్టుకెళ్ళండి, ఒడ్డున ఎర్రమ్మతో మొహమాటం లేకుండా బేరమాడండి. భోజనం అయ్యాక మాత్రం పర్సు తీయకండి.