స్లాబు మీద పడుకున్న సారు

ఆ రోజుల్లో మాకు రోడ్డే వంటిల్లు. తెలంగాణ కావాలని ఊళ్లకు ఊళ్లు కదిలిన కాలం అది. బండ్లు ఆపాలంటే నడి రోడ్డు మీద పొయ్యి ముట్టించి, అందరికీ వండి, వరుసగా కూర్చుని అక్కడే తినేవాళ్లం. దాన్నే వంటావార్పు అనేవాళ్లు. ఇప్పుడు మా పిల్లలకు చెబితే "రోడ్డు మీద పిక్నిక్కా అమ్మా?" అంటారు. (పిక్నిక్కే అనుకోండి, కాకపోతే చివర్లో పోలీసులు కూడా వచ్చేవాళ్లు.)

అప్పటికి నాకు పెళ్లై ఏడాది కూడా నిండలేదు. మాది నర్మెట్ట దగ్గర పల్లె, నా చదువు ప్రైమరీ బడితోనే ఆగిపోయింది. మా ఆయన మాత్రం సర్కారు ఇంజనీరు. భూపాలపల్లిలో పనిచేస్తూ పెళ్లిచూపులకు వచ్చినప్పుడు, నన్ను చూసినదానికంటే మా ఇంటి గోడకున్న పగులునే ఎక్కువసేపు చూశాడు. "పునాది జర కుంగినట్టున్నది" అని మా బాపుతో అన్నాడు. (నేను పట్టుచీర కట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. పునాది సంగతి ఎవరడిగారు?) పెళ్లయ్యాక మహబూబాబాద్‌కు బదిలీ అయ్యాం. కొత్త పెళ్లాన్ని సినిమాకు తీసుకుపోతాడేమో అని చూస్తే, కేసముద్రం దారిలో ఒక వాగు దగ్గరికి తీసుకుపోయి గుంతలు చూపించాడు. ఆ వాగు అవతల ఒక తండా ఉంది. వాన పడితే పిల్లలకు బడి బంద్. నొప్పులు పడే ఆడమనిషిని మంచం మీద మోస్తూ నీళ్లలో దాటించాలి. అక్కడ చిన్న వంతెన కోసం మా ఆయన ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. చివరికి పని మంజూరైంది, కట్టుబడి అయింది, స్లాబు కూడా పోశారు. పోసిన మర్నాడే ఉద్యోగుల సమ్మె మొదలైంది.

స్లాబు పోస్తే పని అయిపోయినట్టే అనుకున్నాను నేను. కాదట. "అది పచ్చి బాలింత లెక్క. గోనె సంచులు పరిచి రోజూ తడుపుతనే ఉండాలె. ఎండకు ఇడిస్తే పగుళ్లు పడ్తది" అన్నాడు. తడిపే కూలీలు రావడం లేదు, నీళ్ల ట్యాంకరు బంద్, ఈయనేమో సమ్మెలో ఉన్నాడు. సమ్మె పెద్ద మా మైకన్న. మా ఆయన ఆఫీసులోనే అటెండరు. చేతికి మైకు వస్తే ఎంత పెద్ద ఆఫీసరునైనా లెక్కచేయడు, అందుకే ఆ పేరు. మా ఆయన వెళ్లి "నాలుగు బిందెలు పోసొస్తనన్నా" అని బతిమాలాడు.

"సార్, గియ్యాల మీరు నీళ్లు పోస్తరు, రేపు ఇంకొకాయన సంతకం పెట్టొస్తడు. సమ్మె అంటే సమ్మె!"

మా ఆయన తెలంగాణకు పక్కా మనిషి, మాట దాటడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, ముద్ద చేతిలోనే పెట్టుకుని ఎండ వైపు చూస్తున్నాడు. ఆ ముఖం చూడలేక నేనే అన్నాను: "ఇగో, ఆ వంటావార్పేదో వాగు కాడనే పెట్టిస్తే? వంటకు ట్యాంకరు తెప్పిస్తరు గదా. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు ఏడ పోస్తరు? గా స్లాబు మీదనే!"

ఆయన నన్ను మొదటిసారి చూసినట్టు చూశాడు. "నీ తెలివి మా ఆఫీసుల ఎవ్వరికీ లేదు" అన్నాడు. (ఆ మాటకు నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.) మైకన్నకు కూడా జాగా నచ్చింది. వంతెన పక్కనున్న మట్టి బాట మీదుగానే మార్కెట్‌కు పోయే ట్రాక్టర్లన్నీ పోతాయి మరి.

తెల్లవారి జనం వచ్చారు, ట్యాంకరు వచ్చింది, పెళ్లిళ్లలో వండే చాంద్ చాచా పెద్ద పెద్ద వంట డేగిశాలతో దిగాడు. నా తెలివిలో ఉన్న చిల్లు అప్పుడు బయటపడింది. చాచా అటూ ఇటూ చూసి, "వారెవ్వా! గింత సాపు జాగా ఉండంగ మట్టిల ఎందుకు?" అని గోనె సంచులు పక్కకు లాగేసి, సరిగ్గా స్లాబు నడుమ పొయ్యి రాళ్లు పెట్టించాడు. కట్టెలు కూడా పేర్చారు. పచ్చి స్లాబు మీద మంట, దాని మీద డేగిశ! మా ఆయన ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. వద్దంటే "మళ్లీ డ్యూటీ ఎక్కిండు" అంటారు, ఊరుకుంటే స్లాబు పోతుంది. చాచా అగ్గిపుల్ల గీసే వేళకు ఆయనే పరుగున పోయి, కట్టెలు కాలితో తన్ని, ఆ జాగాలో వెల్లకిలా పడుకున్నాడు.

అంతలోనే మైకన్న మైకు గర్జించింది. "చూడుండ్రి! సభల ఎన్నడు నోరిప్పని మన ఇంజనీర్ సారు తెలంగాణ కోసం రోడ్డు మీద పండిండు! జై తెలంగాణ!" అంతే, ఇరవై ముప్పై మంది ఆయన పక్కన వరుసగా పడుకున్నారు. పొయ్యికి జాగానే లేదు.

"అరే సాబ్, బగారన్నం మీ కడుపు మీద వండాల్నా?" అని చాచా గొణుగుతూ డేగిశాలు మట్టి మీదికి దింపించాడు.

పోలీసులొచ్చి పడుకున్నవాళ్లనందరినీ లేపి వ్యాన్ ఎక్కించారు. మా ఆయనను మాత్రం నలుగురు మోయాల్సి వచ్చింది. కిటికీ లోంచి నా వైపు చెయ్యి చాచి "గోనెలు! గోనెలు తడుపు!" అని అరిచాడు. తిన్నావా, భయపడకు, ఇంటికి పో లాంటి మాట ఒక్కటీ లేదు.

నేను ఏడుస్తూనే గోనె సంచులు సర్దుతుంటే, తండా అవ్వ ఒకామె దగ్గరికొచ్చి "ఏంది బిడ్డ?" అంది. ఉన్నదంతా చెప్పేశాను. అవ్వ బుగ్గ నొక్కుకుంది. "అయ్యో పిచ్చిపిల్ల! సమ్మె మీ సారుకు గని మాకెక్కడిదే? మా తొవ్వకు మేము నీళ్లు పోసుకుంటే అడిగేటోడెవడు? ముందుగాల చెప్పొద్దా!"

నిజమే కదా! ఇంత చదివిన ఆయనకూ, పెద్దగా చదవని నాకూ ఆ ముక్క తట్టలేదు. అవ్వ ఒక్క కేక వేస్తే తండా ఆడవాళ్లంతా బిందెలతో వచ్చారు. ఆ రోజు నుంచి స్లాబు గట్టిపడేదాకా వంతులవారీగా పోశారు. పొద్దుగూకేటప్పుడు స్టేషన్ నుంచి విడిచిపెడితే మా ఆయన ఇంటికి రాలేదు, నేరుగా వాగుకే వచ్చాడు. ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడి, ఏ మూల ఆరిందో కళ్లతోనే చూపిస్తున్నాడు.

"ఒక బిందె అందుకోరాదుండ్రి?" అన్నాను.

"సమ్మెల ఉన్న" అన్నాడు, చాలా గంభీరంగా.

ఆ వంతెన మీద ఇప్పుడు ఆటోలు పోతున్నాయి, బడి బస్సూ పోతోంది. రాష్ట్రం వచ్చాక సభలకు పిలిచి మా ఆయనకు శాలువా కప్పి, "రోడ్డు మీద పండిన సారు" అంటారు. ఆయన లేచి "నేను స్లాబు కోసం..." అని మొదలుపెడతాడు. జనం చప్పట్లలో మిగతాది ఎవరికీ వినపడదు. నేను మాత్రం కింద కూర్చుని ఆ రోజు వ్యాన్ వెళ్లిపోయిన దుమ్మునే తలుచుకుంటాను. కట్టుకున్నవాణ్ని పోలీసులు పట్టుకుపోతుంటే వెనకాల పరుగెత్తాల్సిన కొత్త పెళ్లికూతురు, ముక్కు తుడుచుకుంటూ గోనె సంచులు సరిచేస్తోంది. ఆ పిల్ల ఇప్పుడు ఎదురుపడితే ఒక్క మాట అడగాలనుంది: "ఒసేయ్ పిచ్చిదానా, జర చెయ్యన్నా ఊపకపోయినవా?"