అవ్వ వెనక్కి పోసిన దోసెడు బియ్యం

మా అంగట్లో కొసరు అనేదాన్ని ఎత్తేసిన ఘనత పూర్తిగా నాది. మూడు తరాల మగవాళ్ళకు చేతకాని పనిని పందొమ్మిదేళ్ళ వయసులో, ఒక అట్టముక్కతో, ఒక్క పూటలో చేసి పారేశాను. ఇది గొప్పగా చెప్పుకోవలసిన సంగతేనా అని మీకు అనుమానం రావచ్చు.

నిన్న మా వీధి చివర కొత్తగా తెరిచిన పెద్ద దుకాణానికి కూరగాయలకని వెళ్ళాను. తూకం దగ్గరున్న అమ్మాయి నేను ఒక్కొక్కటే విరిచి చూసి ఏరుకున్న బీన్సును యంత్రం మీద పెట్టి, అంకె చూసి, "లిటిల్ ఎక్కువైంది మేడమ్, ఆఫర్ అరకిలోకే," అంటూ మూడు కాయలు తీసి పక్క బుట్టలో వేసింది. కొసరుగా ఉండనీ తల్లీ అన్నాను. కొసరంటే ఏమిటని అడిగింది. కొనేటప్పుడు కొసరు అడక్కుండా సంచి మూతి ముడవని దాన్ని, ఆ మాటకు అర్థం చెప్పవలసిన గతి పట్టింది కదా అని ఏడ్చుకుంటూ, కొంచెం ఎక్స్‌ట్రా అన్నాను. ఎక్స్‌ట్రాకి ఎక్స్‌ట్రా డబ్బులవుతాయి మేడమ్ అంది, చాలా మర్యాదగా. ఇల్లు చేరేదాకా ఒళ్ళు మండుతూనే ఉంది.

అసలు ఈ ఇంగ్లీషు చిన్న మాటలతో నాకు మొదటినుంచీ పడదు. మా కాలంలో బిట్ అంటే జాకెట్టు గుడ్డ. పరీక్ష హాల్లో బిట్ అంటే ఒక మార్కు ప్రశ్న. దానికి జవాబు రాసి మడిచి దాచుకున్న చీటీ కూడా బిట్టే. బ్యాంకులో గుమాస్తా వెయిట్ ఎ బిట్ అన్నాడంటే ఇంటికి పోయి అన్నం తిని రావచ్చు. డాక్టరు లిటిల్ ప్రాబ్లమ్ అన్నాడంటే మాత్రం చుట్టాలకు కబురు పెట్టుకోవలసిందే. మన చిటికెడుకు రెండు వేళ్ళున్నాయి, పిడికెడుకు గుప్పిలి ఉంది, దోసెడుకు రెండు చేతులున్నాయి. వాళ్ళ పించ్‌కూ వేళ్ళున్నాయిలెండి, కోపంలో అన్యాయం మాట్లాడకూడదు. కానీ ఆ బిట్‌కు ఎవరి చెయ్యీ లేదు. ఆ చెయ్యి లేని మాటనే తెచ్చి నేను మా అంగట్లో తగిలించాను.

డెబ్భైల చివరి మాట. తిరుపతిలో అలిపిరికి పోయే దారిలో, ఒక సందు మొదట్లో మా నాయనకు బియ్యం, పప్పుబేడల అంగడి ఉండేది. అటక మీది డబ్బా దించబోయి నాయన స్టూలు మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు కట్టు కట్టించుకొని మంచాన పడితే, కాలేజీ సెలవుల్లో ఉన్న నేను గల్లా దగ్గర కూర్చున్నాను. లెక్కల్లో చురుకైనదాన్ని, బేరంలో మొండిదాన్ని, దాని మీద కొత్తగా అబ్బిన ఇంగ్లీషు. ఈ మూడూ ఒక మనిషిలో చేరితే ఇరుగుపొరుగు జాగ్రత్తగా ఉండాలి.

వారం రోజులు, ఇచ్చే ప్రతి కొసరునూ ముందు గుట్టుగా తూచి, నోటుబుక్కులో 'లిటిల్' అని ఒక గడి గీసి రాశాను. కూడి చూస్తే కిలోల లెక్కలో తేలింది. అన్నిటికన్నా నాకు మండింది ఇడ్లీల అవ్వ కొసరు. ఆమె మా వెనక సందులో ఇడ్లీలు పోసి అమ్మేది. రోజూ మధ్యాహ్నం వచ్చి ఇడ్లీ బియ్యం, ఉద్దిపప్పు కొనేది. వాటి మీద కొసరంటే అవే కదా వేయాలి? నాయన మాత్రం అన్నం బియ్యం ఒక పిడికెడు, కందిబేడలు ఒక పిడికెడు ఆమె కొంగులో వేరేగా పోసేవాడు. ఒకటి కొంటే ఇంకొకటి కొసరు వేసే వ్యాపారం ఏ పుస్తకంలో ఉందని లోలోపల నవ్వుకున్నాను. మరునాడే అట్టముక్క మీద 'నాట్ ఎ బిట్ ఎక్స్‌ట్రా' అని ఇంగ్లీషులో రాసి తక్కెడ పైన వేలాడదీశాను.

అవ్వ వచ్చి తల పైకెత్తి చూసింది. "ఏందమ్మీ అది? దిష్టికి కట్టినావా?"

"కొసరు లేదని రాసినానవ్వా, ఇంగ్లీషులో."

"లేదని సెప్పేదానికి ఇంగ్లీషు కావాల్నా? తెలుగులో నోరు రాలేదా నీకు?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. ముల్లు వెంట్రుకవాసి కదలకుండా తూచి, సంచిలో పోసి ఇచ్చాను. అవ్వ అలవాటు కొద్దీ పట్టుకున్న కొంగును కాసేపు అలాగే పట్టుకొని నిలబడింది. తర్వాత దాన్ని మెల్లగా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మరునాటినుంచి ఎదురంగడికి పోయింది. ఆమె వెనకాలే ఇంకో ఏడిళ్ళవాళ్ళు పోయారు. పీడా పోయిందనుకున్నాను.

అట్ట కట్టిన నలభయ్యో రోజున నాయన కర్ర పట్టుకొని అంగట్లోకి వచ్చీ రాగానే అడిగిన మాట, "అవ్వ యాడ? రాలేదే?" అని. నేను మెచ్చుకుంటాడని నోటుబుక్కు చేతికిచ్చాను. నాయన చివరి పుటదాకా చూసి, మూసి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అమ్మీ, ఇడ్లీల మీద వచ్చేది మంచంలో ఉండే తాత మందులకే సరిపోతాది. రాత్రికి వాళ్ళిద్దురూ వండుకుని తినేది మన కొసరే. ఊరికే ఇస్తే ఆయమ్మ సచ్చినా తీసుకోదు. కొసరంటే తీసుకుంటాది, అది కొన్నోళ్ళ హక్కు కాబట్టి."

నేను స్టూలెక్కి అట్ట పీకేశాను. నాయన కర్ర పొడుచుకుంటూ ఆ సందులోకి పోయి ఏం చెప్పాడో గాని, మరునాడు అవ్వ వచ్చింది. ఎప్పటిలాగే కొంది. నేను రెండు పిడికిళ్ళు కాదు, దోసిలి నిండా బియ్యం తీసి ఆమె కొంగులో పోశాను. అవ్వ కొంగును మూట మీదికి వంచి, ఒక్క గింజ మిగలకుండా దులిపింది.

"తూకం సరిగ్గా ఉండాది కదమ్మీ. ఎక్కువెందుకు?"

"కొసరే కదవ్వా," అన్నాడు నాయన, గొంతు తగ్గించి.

"ఇయ్యాల ఇచ్చి రేపు తీసేసేది కొసరెట్లయితాది నాయనా? ఈ వయసులో ఇంగ్లీషు నేర్సుకునే ఓపిక నాకు లేదులే."

నవ్వుతూనే అంది. ఆ తర్వాత ఆమె సాయంత్రాలు ఇంకో రెండిళ్ళకు పిండి రుబ్బి పెట్టడం మొదలుపెట్టింది. పదకొండేళ్ళు మా అంగటికి వచ్చింది. పండగ నాడు కూడా తూకానికి మించి ఒక గింజ తీసుకోలేదు. నేను అంగట్లో ఉన్న ప్రతిసారీ నా గుప్పిలి కొసరుకని బియ్యపు మూటలోకి వెళ్ళేది, అక్కడే తెరుచుకునేది.

ఇప్పుడు ఎక్కడ చూసినా సీలు వేసిన పొట్లాలే, లోపల ఎంతుందో పైనే అచ్చు వేసి ఉంటుంది. తూచేవాళ్ళు కొనేవాళ్ళ మొహం చూడనక్కర్లేదు, రాత్రికి వాళ్ళింట్లో పొయ్యి మీద ఏముంటుందో తెలుసుకోనక్కర్లేదు. ఎవరిని తిట్టుకోవాలో తెలియక నిన్నంతా చిరాకు పడ్డాను. ఆ బీన్సు తూచిన పిల్లను తిట్టే అర్హత ఈ ఊళ్ళో అందరికన్నా తక్కువ ఉన్నది నాకే.

కాబట్టి లెక్క చెప్పేస్తాను, ఈసారి గుట్టుగా కాదు. ఆ నలభై రోజుల్లో నేను మిగిల్చింది అరమూట బియ్యం, పది కిలోల బేడలు. పోయిన ఏడిళ్ళ వ్యాపారం అందులోంచి తీసేస్తే మిగిలింది ఏమీ లేదు. అవ్వకు తక్కువైంది రోజుకు రెండు పిడికిళ్ళు, నలభై రోజులకు కాదు, పదకొండేళ్ళకు. నాకు తక్కువైంది, నిన్నటితో కలిపి, మూడు బీన్సు కాయలు.