స్పెయిన్ రాణికి వరసలు కలిపిన వేసవి

ఆ రోజుల్లో మా నకిరేకల్ వైపు నుంచి ఎవరైనా పట్నం పోయి పెద్ద చదువు చదువుతున్నాడంటే వకీలో, డాక్టరో అవుతాడనుకునేవారు. నేను యూరప్ చరిత్ర చదువుతున్నానంటే మాత్రం, పాపం పిల్లగానికి ఏమైందో అన్నట్టు చూసేవారు. వాళ్లనని ఏం లాభం, ఏడాది చదివినా అదేమిటో నాకే అంతుబట్టలేదు. ఎమ్మేలో చేరేదాకా చరిత్రంటే యుద్ధాలూ సంధులూ అనుకున్నాను. తీరా చూస్తే అదంతా పెళ్లిళ్ల గొడవ. ఫలానా రాజు ఫలానా రాకుమారిని చేసుకున్నాడు, ఆమె తమ్ముడికి సంతానం లేదు, అందుకని నాలుగు రాజ్యాలు ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. పుస్తకం వెనక మడిచిపెట్టిన వంశవృక్షాలు విప్పితే ఒక్కొక్కటి నులకమంచమంత అయ్యేది. తాతకూ మనవడికీ ఒకే పేరు, వెనక అంకె ఒక్కటే తేడా. ఆ పేపరులో నేను తప్పాను. నాతోపాటు ఇంకో ముగ్గురు తప్పారు గానీ, ఆ సంగతి ఎంత చెప్పినా మా బాపు చెవిన పెట్టలేదు.

"సెలవులైనంక మల్ల పరీక్ష ఉందంటివి గద. గా పరీక్ష గూడ తప్పితే దుకాణంల కూసో. వడ్లు జోకనీకి ఫ్రాన్సు రాజు అక్కెర లేదు" అన్నాడు. మాది ధాన్యం తూచి అమ్మే దుకాణం. బాపు మాటంటే మాటే. రాత పరీక్ష ఎలాగో గట్టెక్కవచ్చు. దాని తరువాత బయటి నుంచి వచ్చే పెద్దమనిషి ముందు నోటి పరీక్ష ఉంది. నా ప్రాణం అక్కడే కొట్టుకుంటోంది.

ఎండాకాలం. మా అవ్వ, అంటే బాపు తల్లి, అరుగు మీద చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. నేను పక్కనే కూర్చుని, పంతులు ముందు చిన్నపిల్లాడు ఎక్కాలు వల్లించినట్టు, రాజుల పేర్లు గట్టిగా వల్లిస్తున్నాను. అవ్వ కాసేపు ఓపిక పట్టి, "గట్ల పేర్లు పట్టుకుంటే ఎట్ల యాదికుంటయి రా? ఎవలు ఎవలకేమైతరో చెప్పు" అంది. మా అవ్వకు అక్షరం ముక్క రాదు గానీ ఏడూళ్ల చుట్టరికాలు నోటి మీద ఉండేవి. పెళ్లిలో ఎదురైన ముసలాయన తనకు బావో, తమ్ముడో, అల్లుడో రెండు ప్రశ్నల్లో తేల్చేసేది. సరే చూద్దామని ఫ్రాన్సు రాజు సంగతి చెప్పాను. మగవాళ్లకు చింతగింజలు, ఆడవాళ్లకు కందిగింజలు పెట్టి అరుగు మీద పరిచింది. "అంటె వీడు మేనమామ బిడ్డను చేసుకున్నడు. ఆ పిల్లకు వీని నాయిన మేనమామ. గంతే గద, ఇటు పిల్లనిచ్చి అటు పిల్లను తెచ్చుకున్నరు. మన సూర్యాపేటోళ్లు చెయ్యలే?" అంది. మూడు నెలలు నన్ను ఏడిపించిన వంశవృక్షం మూడు నిమిషాల్లో తేలిపోయింది. ఆ తరువాత స్పెయిన్ రాజు అక్క కూతురిని చేసుకున్న ముచ్చట వచ్చింది. తరగతిలో ఆ పాఠం చెబుతూ మా టై సారు (ఇంగ్లండులో చదివి వచ్చినవాడు, మండుటెండలోనూ టై విప్పేవాడు కాదు) "ఎంత ఘోరమో చూడండి" అని ఆగి మా ముఖాలు చూశాడు. మాలో సగంమంది అమ్మానాన్నలది అదే సంబంధం. మేం కూడా ఎవరికి వారు ఘోరమన్నట్టు తలలూపాం. అవ్వ మాత్రం "అక్క బిడ్డను ఇడిసిపెడ్తడా, మంచి పని చేసిండు" అని మెచ్చుకుంది.

అంతా సాఫీగా సాగిపోతుండగా ఇంకో స్పెయిన్ రాణి పెళ్లి దగ్గరికి వచ్చాం. అవ్వ గింజలు పెట్టింది, చూసింది, తీసి మళ్లీ పెట్టింది. "సరింగ చదివినవా?" అంది. సరిగ్గానే చదివాను. "వీళ్లిద్దరి నాయినలు అన్నదమ్ములు. తల్లులు అక్కచెల్లెండ్లు. నాయిన దిక్కు చూసిన అన్ననే, అమ్మ దిక్కు చూసిన అన్ననే. గా పిల్లను అన్నకిచ్చి చేసిండ్రా?" అంటూ చేతిలో చింతపండు కింద పెట్టేసింది. అప్పటిదాకా నాకు ఆ ఊహే రాలేదు. రాణి పెళ్లి, రాజకీయం అంటూ రెండు పేజీలు చదువుకున్నాను గానీ వరస చూడలేదు. పుస్తకం మూసేశాను. ఆ రోజు అవ్వ పాఠం ముందుకు సాగనివ్వలేదు. గింజలు చేటలోకి ఊడ్చి, లేచి కాళ్లు కడుక్కుంది.

రాత పరీక్ష బాగానే రాశాను. నోటి పరీక్షకు వచ్చిన పెద్దమనిషి సూటు వేసుకున్న సన్నటి మనిషి. నోటీసులో ఆయన పేరుకు బదులు పొడి అక్షరాలే ఉన్నాయి, ఎవరో ఎక్కడివాడో మాకు తెలియదు. పక్కన మా టై సారు. ఇంగ్లిషులో నాలుగు ప్రశ్నలడిగారు, నాలుగూ చెప్పాను. అయిదోది, స్పెయిన్ రాణి పెళ్లి ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య చిచ్చు ఎందుకు పెట్టింది? జవాబు నాకు తెలుసు. రాణి పెళ్లినాడే ఆమె చెల్లెల్ని ఫ్రాన్సు రాజు తన కొడుక్కి చేసుకుని, రేపు ఆ సింహాసనం తమకే వస్తుందని ఆశపడ్డాడు. అదీ ఇంగ్లండు కోపం. కానీ కళ్లముందు చింతగింజలు కదిలాయి. "పెళ్లికొడుకు ఆమెకు అన్న అవుతాడు సార్. అన్నాచెల్లెళ్లకు ముడిపెడితే పక్క రాజ్యాలు ఊరుకుంటాయా?" అన్నాను. టై సారు బల్ల కింద నా కాలు తొక్కాడు. పెద్దమనిషి కళ్లద్దాలు తీసి, "అది ఎక్కడా జరగదా?" అని అడిగాడు. "మర్యాద గల ఏ ఇంట్లోనూ జరగదు సార్" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ఇంగ్లిషు పక్కనబెట్టి మన తెలుగులోకి దిగాడు. "మాది పాలమూరు బేటా. మా బేగం మా చిన్నాయిన బిడ్డ. పెండ్లయి ముప్పై ఏండ్లాయె. మా ఇంటి మర్యాదకు ఇంకా ఏం తక్కువ కాలేదు."

నా చదువు ఆ గదిలోనే ముగిసిందనీ, రేపటినుంచి వడ్లు జోకడమే గతి అనీ అనుకున్నాను. ఆయన మాత్రం నెమ్మదిగానే "మీ ఊర్ల మావోళ్లు లేరా?" అన్నాడు. "ఉన్నరు సార్. మా పక్కిల్లే" అన్నాను. "పెండ్లిళ్లకు పిలువరా?" "పిలుస్తరు. అన్నిటికీ పోయిన." "పోయి ఏం చూసినవ్?" ఆలోచించాను. అబద్ధం తట్టలేదు. "తిని వచ్చిన సార్" అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వాలో వద్దో తెలియక టై సారు టై సర్దుకున్నాడు. "సరే, ఇగ ఇంగ్లండుకు కోపమెందుకొచ్చిందో చెప్పు" అన్నాడు పెద్దమనిషి. అంతా చెప్పాను. పాసయ్యాను. ఫలితాలు వచ్చేదాకా నిద్ర పట్టలేదనుకోండి.

ఊరికి రాగానే అవ్వను నిలదీశాను. "పక్కింటోళ్ల వరసలు నీకు తెలువదా?" "తెలువకేం? పెండ్లికి నేను గూడ పోయిన. నువ్వు స్పెయినోళ్ల ముచ్చట అడిగితివి, వీళ్ల ముచ్చట ఎన్నడన్న అడిగినవా? నువ్వు చెప్పిన రాజులంత మేనరికాలు చేసుకునేటోళ్లే, మన పద్ధతోళ్లే అనుకున్న" అంది. నేను పక్కింటికి నడిచాను. పుట్టినప్పటి నుంచీ అత్తా అని పిలిచే బీబమ్మ గుమ్మంలో కూర్చుని కుట్టుమిషను తొక్కుతోంది. నా అంగీలన్నీ ఆమె కుట్టినవే. మూడు వందల ఏళ్ల కిందటి రాజుల ఇళ్లల్లో ఎవరికెవరేమవుతారో చెప్పగలిగిన నేను, ఇరవై రెండేళ్లుగా ఒకే గోడ పంచుకున్న ఇంటివాళ్లను ఆ మాట అడగనేలేదు. సిగ్గుపడుతూనే "అత్తా, పెండ్లికి ముందు మామ నీకేమైతడు?" అన్నాను.

ఆమె మిషను ఆపింది. "మా పెదనాయిన కొడుకు. ఏందిరా, గింత కాలానికి అడుగుతున్నవ్?"

"పరీక్షల అడిగిండ్రత్తా."

"పట్నంల మా పెండ్లి మీద పరీక్ష పెట్టిండ్రా?" అని బీబమ్మ నా ముఖంలోకి చూసింది. "మరి, పాసైనవా?"

ఆ తరువాత నలభై ఏళ్లు కాలేజీలో అదే యూరప్‌ను పాఠంగా చెప్పి బతికాను. ఆనాటి ఆ ఎమ్మే కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. మార్కుల కాగితం జేబులో ఉండి కూడా, ఆమెకు ఔనని చెప్పడానికి వాడికి నోరు రాలేదు.