నలభై రెండులోంచి పదిహేడు

పెద్దేముల్ మండలంలోని ఒక చిన్న ఊళ్లో మార్త టీచరుగా చేరిన కొత్తలో, ఆమె తరగతి పక్కనుంచి పోయేవాళ్లకు రెండే చప్పుళ్లు వినిపించేవి. ఒకటి ఎక్కాలు, రెండోది దెబ్బలు. ఆమె నేర్చుకున్నదీ అట్లాగే. నాపరాతి గనిలో పనిచేసే తండ్రి సాయంత్రం ఇంటికొచ్చి లెక్క అడిగేవాడు. తప్పు చెబితే జుట్టు పట్టి తల గోడకేసి కొట్టేవాడు. "దెబ్బలు తిన్నందుకే టీచర్నయిన" అని మార్త గొప్పగా చెప్పుకునేది.

పదేళ్ల కిందట రెండో తరగతిలో బిందు అనే పిల్ల ఉండేది. కూలి పనులు చేసే భీమప్ప కూతురు. నలభై రెండులోంచి పదిహేడు తీసేయమంటే పలక మీద ముప్పై అయిదు అని రాసింది. మార్త కొట్టి మళ్లీ చేయమంది. మళ్లీ ముప్పై అయిదే. మూడోసారీ అదే అంకె కనబడేసరికి మార్తకు ఒళ్లు తెలియలేదు. చేతిలోని చెక్క డస్టరుతో ఈడ్చి కొట్టింది. దెబ్బ చెవి మీద పడింది. బిందు ఏడవలేదు. నెత్తురు మెడ మీదికి జారుతుంటే పలక వదలకుండా మార్తనే చూస్తూ నిలబడింది.

కర్ణభేరి పగిలిందనీ, ఆ చెవి ఇక వినబడదనీ తాండూరు ఆసుపత్రిలో చెప్పారు.

మర్నాడు ప్రార్థన కాగానే భీమప్ప పార కట్టెతో బడిలోకి వచ్చాడు.

"ఏ చెయ్యితోని కొట్టినవ్?"

జవాబు కోసం ఆగలేదు. ఆమె కుడిచేతిని గడప మీద అదిమిపట్టి కట్టెతో బాదాడు. ఎముకలు చిట్లిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించింది. తర్వాతి దెబ్బలు భుజం మీద, వీపు మీద. పిల్లలు కేకలు పెడుతూ బయటికి ఉరికారు. "ఏడేండ్ల పిల్ల! నీకు చేతులెట్లొచ్చినయే?" అంటూ భీమప్ప కొడుతూనే ఏడ్చాడు. నలుగురు వచ్చి లాగేదాకా ఆగలేదు.

ఆసుపత్రి మంచం దగ్గరికి వచ్చిన ఎస్సైతో మార్త ఒకటే మాట అంది: "ముందుగాల నేను కొట్టిన సార్. ఫస్టు గది రాయుండ్రి."

ఆమెను సస్పెండ్ చేశారు. భీమప్ప కొన్నాళ్లు జైల్లో ఉండి వచ్చాడు.

ఆర్నెల్లకు మార్త తిరిగి బడికి వచ్చేనాటికి మూడు వేళ్లు వంగడం మానేశాయి. సుద్దముక్క పట్టుకుంటే జారిపోయేది. బోర్డు మీద రాయలేక, ఏం చేయాలో తోచక, చేలగట్ల మీది కంది పుల్లలు ఏరుకు రమ్మని పిల్లల్ని పంపింది. పదేసి పుల్లలు ఒక కట్టగా కట్టించింది. అందరూ నేలమీద కూర్చున్నారు. బిందు అందరికంటే దూరంగా, గోడకు ఆనుకుని కూర్చుంది. మార్త చెయ్యి కదిలినప్పుడల్లా ఆ పిల్ల తల పక్కకు తిప్పుకునేది.

మార్త ఒక్కొక్కరి ముందూ నాలుగు కట్టలూ రెండు విడి పుల్లలూ పెట్టించింది. "ఈ పుల్లలల్ల నుంచి పదిహేడు తియ్యుండ్రి" అంది.

బిందు విడి పుల్లలు రెండూ వేలితో చూపించింది. "రెండే ఉన్నయ్. ఏడెట్ల తియ్యాలె?"

బిందు ఒక కట్టను చేతిలోకి తీసుకుంది. దారం ఊడదీసింది. పుల్లలు ఒడిలో పడ్డాయి. పన్నెండులోంచి ఏడు పక్కన పెట్టింది, తర్వాత ఒక కట్ట తీసేసింది. మిగిలినవి వేలితో లెక్కపెట్టుకుని, "ఇరవై అయిదు" అంది.

మార్త లేచి వంటగది వెనక్కి వెళ్లింది. నలభై రెండులోని నాలుగు అంటే నాలుగు పదులని తను ఆ పిల్లకు ఒక్కసారీ చూపించలేదు. ఏడుపు ఆపుకోలేక పైట కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ తర్వాత ఆమె పిల్లల్ని ఎవర్నీ కొట్టలేదు. చుట్టుపక్కల బళ్ల టీచర్లు ఆమె పుల్లలూ, గింజలూ, నాపరాతి ముక్కలూ చూసి పోవడానికి వస్తుంటారు. చెయ్యి ఎట్లా విరిగిందని అడిగితే ఉన్నదున్నట్టు చెబుతుంది.

బిందు ఇప్పుడు తాండూరులో ఇంటర్ చదువుతోంది. మొన్న బస్టాండులో ఎదురైంది. మార్త పలకరించబోతే వినబడే చెవిని ఇటు తిప్పి ఆగింది.

"మా చెల్లె రుచిత మీ క్లాసులనే ఉందట గదా మేడం?"

"ఉంది బిడ్డా. మంచిగ చేస్తది."

"దాన్ని కొట్టకుండ్రి" అంది బిందు. బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.