మార్కండేయ మోటారు తప్పు చెప్పిన రోజు

ఉరవకొండలో మోటారు వైండింగ్ షాపు నడిపిన మార్కండేయకు మనుషులు మనుషుల్లా కనబడరు, మోటార్లలా కనబడతారు. ఎవరెదురైనా వాళ్ల లోపల ఏ రకం మోటారు తిరుగుతోందో చెప్పేయాలి. చెప్పకపోతే ఆయనకు తిన్న సంగటి అరగదు.

అలాంటి మనిషి ఒక అన్యాయాన్ని మాత్రం నోరెత్తకుండా భరించాడు. అనంతపురం బైపాసులో కరెంటు కార్ల సర్వీసు సెంటరు పెట్టాక, అక్కడి ఇంజనీర్లకు అంతుపట్టని మోటారల్లా ఆయన సలహా కోసమే ఎదురుచూసేది. ఆయన వెళితే గేటు దాటనిచ్చేవాళ్లు కాదు. పదో తరగతి తప్పినవాడు, సర్టిఫికెట్టు లేదు. వాచ్‌మన్ పక్కన స్టూలు వేసి, మోటారును అక్కడికే మోసుకొచ్చి చూపించేవాళ్లు.

"ఎందుకు మామా ఊరుకుంటాండావ్?" అని సరళ అడిగితే, "ఈడ చెట్టు నీడ ఉండాది. లోపలి ఏసీ నాకు పడదులే" అనేవాడు.

సరళ ఆయన మేనకోడలు. ధర్మవరంలో మగ్గం మూలపడ్డాక, ముప్పై రెండేళ్ల వయసులో, భర్త హరినాథ్‌తో ఉరవకొండ చేరి మామ దగ్గర పనికి కుదిరింది. పట్టుపోగు తెగకుండా లాగిన వేళ్లు రాగితీగను ఎంత పొందిగ్గా చుడతాయో మార్కండేయ మొదటిరోజే కనిపెట్టాడు. ఇప్పుడా షాపు లేదు. ఆ షట్టరు మీద సెల్‌ఫోన్ల బోర్డు వేలాడుతోంది. అయినా ఆ వీధిన పోతుంటే సరళకు వార్నిష్ వాసన ముక్కుకు తగిలినట్టే ఉంటుంది. బోర్లు ఎండిపోయిన ఎండాకాలాలు గుర్తొస్తాయి. నీళ్లందక వట్టిగా తిరిగి కాలిపోయిన మోటార్లను పట్టుకొని రైతులు తెల్లారేసరికి షాపు ముందుండేవాళ్లు. పైరు ఎండిన దిగులుతో వచ్చిన వాళ్లు కూడా మార్కండేయ పోలికలు విని పగలబడి నవ్వి పోయేవాళ్లు.

"మ్మే సరళా, నీ మొగుడు ఇండక్షన్ మోటారు" అన్నాడొకరోజు.

"అంటే మంచిదా, చెడ్డదా మామా?"

"చుట్టూ అయస్కాంతబలం తిరుగుతాంటే, లోపలిది దాని ఎనకాలే ఒక అడుగు తగ్గి పరిగెత్తుతాది. ఎప్పటికీ అందుకోదు. అందుకునిందంటే పనే జరగదు. పెద్ద కార్లలో గూడా పెడతారు. మొండి సరుకు, చెడిపోదు."

అప్పుడే సంతనుంచి రెండు సంచులు మోసుకుంటూ, సరళకు సరిగ్గా ఒక అడుగు వెనకాల నిలబడ్డాడు హరినాథ్. "నన్ను పొగిడినాడా, తిట్టినాడా?" అని పెళ్లాం చెవిలో అడిగాడు.

"నడువు" అంది సరళ. నడిచాడు, ఒక అడుగు వెనకే.

ఇంట్లో భార్య లక్ష్మక్కకూ తప్పలేదు. "మీ అత్త రెలక్టెన్స్ మోటారు పాపా. అయస్కాంతం లేదు, లోపల తిరిగేదానికి తీగా లేదు. ఉత్త ఇనుము. ఎంత వేడికైనా తట్టుకుంటాది. కాకపోతే మోత."

వంటింట్లో గరిటె చప్పుడైంది. "ఎవురిది మోత?"

"నీది కాదే, కారు గురించి చెప్తాండా."

"ఆ కారునే పోయి అడుగు, మధ్యాన్నం సంగటి కెలుకుతాదేమో!"

ఓట్లకొచ్చిన నాయకుడి గురించి అడిగితే, "వీడు పాతకాలం డీసీ మోటారప్పా. బరువు తీసేస్తే పిచ్చి పరుగు, పైగా నిప్పురవ్వలు. పని తగిలిచ్చి కూర్చోబెట్టండి, ఊరికే వదలొద్దండి" అని ఆ నాయకుడి జీపు పక్కనే నిలబడి చెప్పాడు.

"మరి నువ్వేం మోటారు మామా?"

"అయస్కాంతం మోటారు. కరెంటు తీసేసినా నా పట్టు నాకుంటాది."

"వేడెక్కితే ఆ పట్టు పోతాదని నువ్వే చెప్పినావ్ గదా?"

"అందుకే గదా నేను కోపం తెచ్చుకోను!"

ముప్పై ఏళ్లలో ఏ మోటారు రకమూ ఆయన తప్పు చెప్పింది లేదు. కళ్లు మూసుకొని చేత్తో తడిమి చెప్పేవాడు. ఆయనకున్న గర్వమల్లా అదొక్కటే.

చివరికి చూపు మందగించి షాపు మూసే రోజు దగ్గరపడింది. సరళకు వేరే పని దొరక్కపోతే, మొగుడూ పెళ్లాలిద్దరూ బెంగళూరు బస్సెక్కి కట్టడాల దగ్గర ఇటుకలు మోయాల్సిందే. అదే వారం సర్వీసు సెంటరులో మోటార్ల పనికి మనిషి కావాలన్నారు. సరళ అర్జీ పెట్టింది. సర్టిఫికెట్టు లేదని మేనేజరు విజయభాస్కర్ తిప్పి పంపాడు.

మరుసటి రోజు మార్కండేయ సరళను వెంటబెట్టుకొని పోయి, వాచ్‌మన్ కేకేస్తున్నా ఆగకుండా గేటు దాటాడు.

"పెద్దాయనా, లోపలికి రాకూడదు!" అన్నాడు విజయభాస్కర్.

"వచ్చేసినా గదప్పా. నీకు చల్లార్చే ఫ్యాను సరిగ్గా పనిచేస్తాన్నట్టు లేదే!"

ఇంజనీర్లు కిసుక్కుమన్నారు. బల్లమీద చిన్న కారు మోటారొకటి ఉంది. రెండు రోజులుగా దాని జబ్బేమిటో వాళ్లకు తేలడం లేదు. మార్కండేయ దాన్ని తట్టి, తడిమి, అందరికీ వినబడేలా ప్రకటించాడు. "ఇది ఇండక్షన్ మోటారు. పందెం!"

ఇంజనీర్లు ముందు బిత్తరపోయారు, తర్వాత గొల్లున నవ్వారు. "ఇదేనా నీ ముప్పై ఏళ్ల అనుభవం?" అన్నాడు విజయభాస్కర్.

సరళ మొహం మండిపోయింది. ఉద్యోగం సంగతే మరిచిపోయి బల్లదగ్గరికి వెళ్లి ఇరుసు పట్టుకొని తిప్పింది.

"ఏంది మామా, ఇండక్షన్ అయితే చేతికి సులువుగా తిరగల్ల. ఇది ఆగి ఆగి పట్టుకుంటాంది. అయస్కాంతం మోటారిది." మళ్లీ తిప్పింది, నెమ్మదిగా. ఆమె నుదురు ముడిపడింది. "తీగల కొనలు మూడూ విడిగా ఉన్నప్పుడు ఇంత బిగువుండకూడదు సార్. లోపల చుట్లు ఒకదానికొకటి తగులుకున్నాయి. ఇప్పి చూడండి."

విప్పి చూశారు. ఒక చుట్ట నల్లగా కమిలి ఉంది.

విజయభాస్కర్ సరళ వైపు తిరిగాడు. "రేపు పొద్దున రామ్మా. పరీక్ష పెట్టినాను, పాసయిందని హెడ్డాఫీసుకు నేను రాస్తా" అన్నాడు.

బస్సులో సరళ నిలదీసింది. "నీకు తెలీలేదంటే నేను నమ్మను మామా."

"వయసైపోయింది పాపా."

"అబద్ధం."

మార్కండేయ కిటికీలోంచి ఎండిన చేలవైపు తిరిగాడు. "నేను సరిగ్గా చెప్పింటే నన్ను మెచ్చుకొని పంపించుందురు. నీ చెయ్యి ఎవురు చూస్తారు? నేను తప్పు చెప్తే నువ్వు ఊరుకోవని నాకు తెల్సు."

సాయంత్రానికల్లా ఉరవకొండ టీ అంగడిలో ఒకటే గోల. "ఏమప్పా మార్కండేయా, ఇండక్షనంట గదా!" అని అందరూ ఆటపట్టించారు. కథ సరిగ్గా తెలియని వాళ్లకు ఆయనే కూర్చోబెట్టి, తాను ఎంత ఘోరంగా బోల్తాపడ్డాడో, సరళ ఎట్లా పట్టుకుందో, చేతులు తిప్పి మరీ చెప్పాడు. ఇప్పటికీ చెబుతూనే ఉన్నాడు. ప్రతిసారీ ఆయన తప్పు కొంచెం పెద్దదవుతోంది.

ఇలాంటి చేతులు కంబదూరులో ఉన్నాయి, గార్లదిన్నెలో ఉన్నాయి, మీ ఊళ్లోనూ ఉన్నాయి. వర్క్‌షాపు నడిపేవాళ్లు, పనికోసం వచ్చిన మనిషిని కాగితం అడిగే ముందు ఒక మోటారు ముందు నిలబెట్టండి. ఐటీఐలో పాఠాలు చెప్పేవాళ్లు, చేత్తో నేర్చుకున్నవాళ్లకు ఒక్కరోజు పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇప్పించే దారి చూడండి. బండ్లున్నవాళ్లు, ఈసారి సర్వీసుకు పోయినప్పుడు, మీ దగ్గర అలా పరీక్షించి చేర్చుకున్న మనిషి ఒక్కరైనా ఉన్నారా అని మేనేజరును అడగండి. ఆయనేం చెప్పాడో మీ ఊరి వైండింగ్ షాపు మనిషికి చెప్పి రండి.